‘బేబెల్’ సినిమా: మా మేడ మీద ప్రతిసారీ అడిగే ప్రశ్నలు, వాటికి నా జవాబులు

విశాఖ పెదవాల్తేరులో మా ఫ్రెండ్ వాళ్ళ మేడ మీద నెలకో సినిమా వేసుకుంటాం. టికెట్ లేదు, టీ ఉంటుంది, ఉప్పుగాలికి తెర ఊగుతూ ఉంటుంది. ‘బేబెల్’ ఇప్పటికి నాలుగుసార్లు వేశాం. నాలుగుసార్లూ సినిమా అయ్యాక మెట్ల దగ్గర నిలబడి అవే డౌట్లు. మొన్నయితే ఒకాయన బండి స్టార్ట్ చేసి మళ్ళీ ఆపి మరీ పైకొచ్చి అడిగాడు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. సినిమా ఇంకా చూడనివాళ్ళు మాత్రం మొదటి భాగం చదివి ఆపేయండి, మిగతా దాంట్లో కథంతా చెప్పేశాను.

## చూసే ముందు

అసలు ఈ సినిమా దేని గురించి? రెండు ముక్కల్లో చెప్పండి.

మొరాకో కొండల్లో మేకలు కాసే ఇద్దరు పిల్లలు కొత్తగా ఇంటికొచ్చిన తుపాకీని పరీక్షించబోయి టూరిస్ట్ బస్సు మీదికి పేలుస్తారు. ఆ తూటా ఒక అమెరికన్ ఆవిడకి భుజం దగ్గర తగులుతుంది. అక్కణ్ణుంచి ఆ పిల్లల కుటుంబం, ఆవిడా ఆవిడ భర్తా, అమెరికాలో వాళ్ళ పిల్లల్ని చూసుకునే మెక్సికన్ ఆయా, టోక్యోలో చెవులు వినపడని ఒక అమ్మాయి, ఇలా నాలుగు కథలు పక్కపక్కనే నడుస్తాయి. 2006లో వచ్చింది. దర్శకుడు మెక్సికోకి చెందిన అలెహాండ్రో గొంజాలెజ్ ఇన్యారిటు, రచయిత గిల్యెర్మో అర్రియాగా. వాళ్ళిద్దరూ కలిసి చేసిన మూడో సినిమా ఇది, ఆఖరిది కూడా.

పేరేంటి అలా ఉంది? బేబెల్ అంటే?

బైబిల్లో బాబెలు గోపురం కథ. ఆదికాండము 11వ అధ్యాయంలో ఉంటుంది. మనుషులందరిదీ ఒకటే భాషగా ఉన్న రోజుల్లో ఆకాశాన్ని అంటే గోపురం కడదామని మొదలుపెడతారు, దేవుడు వాళ్ళ భాషల్ని తారుమారు చేసేస్తాడు, ఒకరి మాట ఒకరికి అర్థం కాక పని ఆగిపోతుంది, తలోదిక్కూ చెదిరిపోతారు. సినిమాలో గోపురం ఎక్కడా ఉండదు. చివరి షాట్‌లో టోక్యో అపార్ట్‌మెంట్ బిల్డింగులు చూసి అదే గోపురం అని మా గ్రూపులో ఒకమ్మాయి వాదిస్తుంది, కాదనలేం.

నాకు ఇంగ్లీషే అంతంతమాత్రం. ఇన్ని భాషల్లో ఉంటే అర్థమవుతుందా?

ఇంగ్లీషు, అరబ్బీ, బెర్బర్ (మొరాకో స్థానిక భాష), స్పానిష్, జపనీస్, జపాన్ సైగల భాష, ఇన్ని ఉన్నాయి ఇందులో. ఇంగ్లీషు వచ్చినవాడైనా సగానికి పైగా సబ్‌టైటిల్స్ చదువుకోవాల్సిందే, కాబట్టి మీరేం వెనకబడిపోరు. మా ఫ్రెండ్ వాళ్ళమ్మగారికి ఇంగ్లీషు అస్సలు రాదు, రెండోసారి వేసినప్పుడు మాతో కూర్చుని మొత్తం చూశారు. ఆయా కథ ఆవిడకి పట్టినంతగా మాకెవరికీ పట్టలేదు. మధ్యలో ఒక్కమాటే అన్నారు: “పెళ్ళికి సెలవడిగితే ఇవ్వలేదు, అంతేగా?” అంతే, నిజంగానే.

రెండున్నర గంటలంటున్నారు, బోర్ కొడుతుందా?

143 నిమిషాలు. మొదటి అరగంట ఎవరు ఎవరో పట్టుకోవడానికే సరిపోతుంది, అక్కడ ఫోన్ తీశారంటే ఇక అంతే సంగతులు. ఫైట్లు, ఛేజింగుల సినిమా కాదు గానీ టెన్షన్‌కి లోటు లేదు.

బ్రాడ్ పిట్ ఉన్నాడు కదా, యాక్షన్ ఉంటుందా?

ఉండదు. భార్యకి తూటా తగిలితే ఏం చేయాలో తోచక అరిచి, తిట్టి, ఏడ్చే మామూలు మొగుడు. గడ్డం నెరిసిపోయి, మొహం పీక్కుపోయి ఉంటాడు. నా లెక్కలో అతని మంచి పాత్రల్లో ఇదొకటి, కానీ హీరోయిజం కోసం వస్తే మాత్రం నిరాశే.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

వద్దు. నగ్నత్వం ఉంది, ఒక కుర్రాడు సొంత అక్కని చాటుగా చూసే సీను ఉంది, రక్తం ఉంది. అమెరికాలో దీనికి ఆర్ రేటింగ్ ఇచ్చారు, అంటే 17 ఏళ్ళలోపు వాళ్ళు పెద్దవాళ్ళ తోడు లేకుండా చూడకూడదు. కోడి మెడ తిప్పేసే సీను గురించి కూడా కొందరు హెచ్చరిస్తారు, అయితే ఆదివారం పొద్దున్న చికెన్ షాపు ముందు నిలబడే మన పిల్లలకి అదేం పెద్ద విషయం కాదనుకుంటా.

## చూస్తున్నప్పుడు

ముందు జరిగింది తర్వాత, తర్వాత జరిగింది ముందు చూపిస్తున్నాడేంటి?

నాలుగు కథలూ ఒకే రోజు జరుగుతున్నాయనుకుంటే తికమక తప్పదు. ఒక ఫోన్ కాల్ పట్టుకుంటే ముడి విడిపోతుంది. సినిమా మొదట్లో అమెరికాలో ఇంటికి ఫోన్ వస్తుంది, ఆయా ఎత్తుతుంది, చిన్నబాబు నాన్నతో మాట్లాడతాడు. చివర్లో అదే కాల్‌ని అవతలివైపు నుంచి చూపిస్తాడు: భార్యని ఆస్పత్రిలో చేర్చిన తండ్రి, స్కూల్లో ఏం జరిగిందో చెబుతున్న కొడుకు గొంతు వింటూ, ఏడుపు బయటికి రాకుండా ఆపుకుంటూ ఉంటాడు. అంటే ఆయా పెళ్ళికి బయల్దేరడం, ఎడారిలో చిక్కుకోవడం, ఇదంతా మొరాకోలో గండం గట్టెక్కాక జరిగినది. టోక్యో ముగింపు కూడా ఆ తర్వాతదే, అక్కడ టీవీ వార్తల్లో ఆ అమెరికన్ ఆవిడ ఆస్పత్రి నుంచి వెళ్ళిపోవడం కనిపిస్తుంది.

ఆ కాల్ సీను వచ్చినప్పుడల్లా నాకు 2014 అక్టోబరు గుర్తొస్తుంది. హుద్‌హుద్ తుపాను తర్వాత రోజుల తరబడి ఫోన్లు మూగబోయి, ఎక్కడో ఒకచోట ఒక్క గీత సిగ్నల్ దొరికితే జనం గుమిగూడి “బాగానే ఉన్నాం, బాగానే ఉన్నాం” అని రెండుసార్లు చెప్పి పక్కవాళ్ళకి ఫోనిచ్చేసేవాళ్ళు. ఇంటి పైకప్పు ఎగిరిపోయినవాళ్ళు కూడా అదే మాట చెప్పారు.

టోక్యో క్లబ్బు సీన్లో సౌండ్ ఆగిపోతోంది. మా టీవీ పాడైందా?

లేదు, కావాలనే అలా చేశారు. చియెకో అనే ఆ అమ్మాయికి వినపడదు. కెమెరా ఆమె వైపుకి వచ్చినప్పుడు పాట తెగిపోతుంది, లైట్లు మాత్రం కొట్టుకుంటూ ఉంటాయి, చుట్టూ జనం ఎగురుతూ ఉంటారు. మళ్ళీ బయటివాళ్ళ వైపుకి రాగానే పాట చెవుల్లో పడుతుంది. మేము మొదటిసారి వేసినప్పుడు స్పీకర్ దగ్గర కూర్చున్న కుర్రాడు వైరు ఊడిందనుకుని లేచి దాన్ని అటూ ఇటూ కదుపుతున్నాడు, సరిగ్గా అప్పుడే సౌండ్ తిరిగొచ్చింది, వాడేదో బాగుచేశాడని అందరూ చప్పట్లు కొట్టారు. సినిమా అయ్యేదాకా వాడు నిజం ఒప్పుకోలేదు.

ఆ తుపాకీ అసలు ఎవరిది?

టోక్యోలో చియెకో వాళ్ళ నాన్న యసుజిరోది. మొరాకోకి వేటకి వెళ్ళినప్పుడు తనకి దారి చూపించిన హసన్‌కి బహుమతిగా ఇచ్చాడు. హసన్ దాన్ని పొరుగున ఉండే అబ్దుల్లాకి కొంత డబ్బుకీ ఒక మేకకీ అమ్మాడు. మేకల్ని నక్కలు ఎత్తుకుపోతున్నాయని అబ్దుల్లా దాన్ని కొడుకుల చేతికిచ్చాడు. ఇందులో ఎవడికీ చెడు ఆలోచన లేదు. ఒకడిది స్నేహం, ఒకడిది బేరం, ఒకడిది మేకల దిగులు.

తూటా తగిలిన మనిషికి అంతసేపు అంబులెన్స్ రాకపోవడం నమ్మేలా లేదు.

ఇది చాలామందికి అడ్డుపడుతుంది. వార్త బయటికి పొక్కగానే అమెరికా దాన్ని టెర్రరిస్టు దాడి అంటుంది, మొరాకో కాదంటుంది, ఈ రెండు ప్రభుత్వాల పంతం మధ్య సాయం ఆలస్యమవుతుంది. చివరికి హెలికాప్టర్ వస్తుంది. ఇక్కడ అర్థంకాని భాషంటూ ఏదీ లేదని గమనించండి, అందరూ ఫోన్లలో చక్కగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఈలోగా ఊళ్ళో పశువుల డాక్టరు ఆవిడ గాయానికి కుట్లు వేస్తాడు.

బస్సులో మిగతా టూరిస్టుల మీద కూడా అందరికీ కోపం వస్తుంది, గాయపడ్డ మనిషిని వదిలేసి వెళ్ళిపోతారా అని. అరకు ఘాట్‌రోడ్డులో బస్సాగిపోయి, ఏసీ లేక, పక్కన ముసలాయన ఆయాసపడుతూ, ఊరేదో తెలియక మూడు గంటలు కూర్చుంటే మనలో ఎంతమంది ఓపిగ్గా ఉంటామో నాకు అనుమానమే.

ఒక్కో దేశం ఒక్కో రకంగా కనిపిస్తోంది, నిజమేనా?

నిజమే. కెమెరామన్ రొడ్రిగో ప్రియెటో మొరాకో భాగాన్ని 16 ఎంఎం ఫిల్మ్ మీద తీశాడు, అందుకే ఆ గరుకు. మెక్సికోకి 35 ఎంఎం, టోక్యోకి అనామార్ఫిక్ లెన్సులు (వెడల్పైన తెర కోసం బొమ్మని అడ్డంగా నొక్కి పట్టే లెన్సులు) వాడాడు. టోక్యోలో వెనకాల లైట్లు మసకగా కరిగిపోయి, ఆ అమ్మాయి ఒక్కతే విడిగా నిలబడినట్టు ఉండటానికి అదొక కారణం.

## చూసేశాక

ఆయాది తప్పే కదా? అడక్కుండా పరాయి పిల్లల్ని దేశం దాటిస్తారా?

తప్పే. ఆవిడే ఆ మాట ఒప్పుకుంటుంది, తను చెడ్డదాన్ని కాదనీ తెలివితక్కువ పని చేశాననీ పిల్లాడికి చెబుతుంది. కానీ వరస చూడండి. కొడుకు పెళ్ళని ముందే చెప్పింది. పిల్లల్ని చూసుకోవడానికి ఇంకెవరూ దొరకలేదు నువ్వే ఉండాలి అని ఫోన్లో ఆ పిల్లల నాన్న అంటే, ఇవాళే పెళ్ళి సార్ అని మళ్ళీ చెప్పింది. అతను ఉన్న పరిస్థితిలో అతని తప్పు కూడా లేదు, భార్య చావుబతుకుల్లోంచి ఇప్పుడే బయటపడింది. ఆవిడ తెలిసినవాళ్ళని బతిమాలింది, ఎవరూ పిల్లల్ని ఉంచుకోలేదు. అప్పుడు వెంట తీసుకెళ్ళింది.

మా ప్రదర్శనకి వచ్చినవాళ్ళలో ఇళ్ళల్లో పనివాళ్ళని పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, ఒకప్పుడు దుబాయ్‌లో ఇంటిపనికి వెళ్ళొచ్చిన ఒకావిడా ఉంది. మొదటివాళ్ళు “పర్మిషన్ లేకుండా ఎలా తీసుకెళ్తుంది” అంటున్నారు. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు, టీ గ్లాసులు తీస్తూ, “మా అమ్మ పోయినప్పుడు నన్ను పంపలేదండి” అంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు, గ్లాసుల చప్పుడే.

పెళ్ళి నుంచి తిరిగొచ్చేటప్పుడు బోర్డర్ దగ్గర ఆయా మేనల్లుడు పారిపోకపోతే ఏమీ జరిగేది కాదు కదా?

కాదేమో. శాంటియాగో తాగి ఉన్నాడు, వెనక సీట్లో తెల్లపిల్లలు, చేతిలో తల్లిదండ్రుల అనుమతి కాగితం లేదు, ప్రశ్నల మీద ప్రశ్నలు. భయపడి బండి తోలేశాడు, కాసేపటికి ముగ్గుర్నీ చీకట్లో ఎడారిలో దించి వెళ్ళిపోయాడు. తెల్లారాక సాయం కోసం పరిగెత్తిన ఆయాని పోలీసులు చూసిన మొదటి చూపే నేరస్థురాలిని చూసిన చూపు. 16 ఏళ్ళు ఆ దేశంలో ఉండి, ఆ పిల్లల్ని సొంత పిల్లల్లా పెంచిన మనిషిని మెక్సికోకి పంపేశారు.

హద్దుల సంగతి మన తీరంలో వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు సముద్రంలో హద్దు దాటారని పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా మీదుగా ఇల్లు చేరలేదు. నీటిమీద గీత కనపడదు, ఇసకలోనూ అంతే.

“ఏటండీ, ఆ కాగితంలో ఏటుందో చెప్పకుండా ఆపేశాడేటి?”

ఈ ప్రశ్న అడగని ప్రదర్శన లేదు, అందుకే అడిగినట్టే రాశా. తుపాకీ గురించి ఆరా తీయడానికి వచ్చిన డిటెక్టివ్ చేతిలో చియెకో ఒక చీటీ పెడుతుంది, ఇక్కడ చదవొద్దని సైగ చేస్తుంది. అతను తర్వాత బార్‌లో కూర్చుని చదువుతాడు. మనకి అక్షరాలు కనిపిస్తాయి గానీ ఏముందో సినిమా చెప్పదు, సబ్‌టైటిల్ కూడా ఉండదు. నెట్‌లో దీనిమీద రకరకాల ఊహలున్నాయి. నా మటుకు నాకు చెప్పకపోవడమే బాగుంది. సినిమా అంతా ఆ పిల్ల చెప్పబోయినదాన్ని ఎవరూ వినలేదు, చివరికి ఒక్కడికి చెప్పుకుంది, అది కూడా మనకి తెలియాలా?

చియెకో వాళ్ళమ్మ బాల్కనీ లోంచి దూకిందా, తుపాకీతో కాల్చుకుందా?

కూతురు దూకిందని చెబుతుంది, తండ్రి కాల్చుకుందంటాడు, ముందుగా చూసింది కూతురేనని కూడా అంటాడు. నేను తండ్రి మాటే నమ్ముతాను. పోలీసులు అప్పటికే అతన్ని ఎన్నోసార్లు ఆ విషయం అడిగి ఉన్నారని అతని విసుగులోనే తెలుస్తుంది. కూతురు ఎందుకలా చెప్పింది? డిటెక్టివ్ తుపాకీ గురించి వచ్చాడని ఆమెకి తెలియదు, అమ్మ చావు గురించి నాన్నని అనుమానిస్తున్నారనుకుంది. నాన్నని కాపాడటానికి తుపాకీ లేని కథ ఒకటి అల్లి ఉండొచ్చు. ఇది నా ఊహే, మీకు వేరేలా అనిపిస్తే అదీ సరే.

మొత్తానికి భాష రాకపోవడం వల్లే ఇదంతా జరిగిందా?

ఇదే అసలు ప్రశ్న. నా జవాబు కాదనే. అన్వర్‌ని చూడండి, ఆ మొరాకో గైడు. రెండు వైపులా సరిగ్గా అనువాదం చేస్తాడు, సొంత ఊరికి తీసుకెళ్ళి ఇంట్లో చోటిస్తాడు, చివర్లో పర్సు తీసి డబ్బు ఇవ్వబోతే వద్దంటాడు. ఆ ఇంట్లో ముసలామెకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నొప్పితో వణుకుతున్న ఆవిడ పక్కన కూర్చుని, గొట్టం వెలిగించి రెండు దమ్ములు పీల్పించి, తల నిమురుతుంది, ఆవిడ నిద్రపోతుంది. సినిమా మొత్తంలో ఇంత తేలిగ్గా అర్థమైన సంభాషణ ఇంకోటి లేదు. ఇదే ఆవిడ, పేరు సూజన్, కొన్ని గంటల ముందు ఆ ఊళ్ళ నీళ్ళు పడవని గ్లాసులో ఐసు ముక్కలు పారబోసింది. (అమెరికా నుంచి వచ్చిన మన చుట్టాలు బీచ్‌రోడ్డులో చెరుకురసం దగ్గర నిలబడి ఐసు వద్దు, ఐసు వద్దు అన్నట్టే.)

ఒకే భాష మాట్లాడేవాళ్ళ సంగతి చూడండి ఇక. రిచర్డ్, సూజన్ మొగుడూపెళ్ళాలు, పసిబిడ్డ నిద్రలోనే పోయాక ఒకరి మొహం ఒకరు చూసుకోలేక అంత దూరం వచ్చారు. అక్కడ మట్టి ఇంట్లో, ఆవిడ లేవలేని స్థితిలో, మూత్రానికి అతనే గిన్నె పట్టుకున్నప్పుడు మొదటిసారి మనసు విప్పి మాట్లాడుకుంటారు. చియెకోకీ వాళ్ళ నాన్నకీ సైగల భాష వచ్చు, అయినా ఇద్దరి మధ్యా గోడే. ఆయా చెప్పేది పోలీసులకి అర్థమవుతూనే ఉంది, నమ్మరు. మొరాకో పోలీసులు హసన్‌ని కొట్టి అడిగింది అతని భాషలోనే. భాష తెలియనిచోట మనుషులు మొహం చూస్తున్నారు, తెలిసినచోట చూడ్డం మానేశారు.

మా ఊళ్ళో ఒడియా, హిందీ, బెంగాలీ, మలయాళం అన్నీ వినిపిస్తాయి. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారుజామున చేపల వేలం దగ్గర నిలబడితే వేళ్ళతోనే సగం బేరం అయిపోతుంది. అదే మా అపార్ట్‌మెంట్ మీటింగులో, అందరమూ తెలుగువాళ్ళమే, పార్కింగ్ గొడవ మూడేళ్ళ నుంచి తెగలేదు.

జపాన్ కథ అతికించినట్టు లేదూ?

ఉంది. తుపాకీ బహుమతి అనే ఒక్క దారంతో కట్టారు, ఆ దారం పీలగానే ఉంది. అయినా ఆ కథ తీసేస్తే సినిమాలో నాకు మిగిలేది తక్కువ. రింకో కికుచి ఆ పాత్రకి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది. ఆమెకి నిజజీవితంలో వినపడుతుంది, సైగల భాష నేర్చుకుని చేసింది.

ఆ మొరాకో పిల్లలకి ఏమైందో సరిగ్గా చెప్పలేదెందుకు?

పెద్దవాడు పోలీసు తూటాకి పడిపోతాడు. చిన్నవాడు యూసఫ్ తుపాకీని రాయికేసి బద్దలుకొట్టి, చేతులెత్తి, చంపింది నేనే, వాళ్ళేం చేయలేదు అని ఏడుస్తాడు. అంతటితో సరి. సూజన్‌కి హెలికాప్టర్, కెమెరాలు, ప్రపంచమంతా వార్తలు. వాళ్ళ పేర్లు ఏ టీవీలోనూ రావు. ఇది దర్శకుడు కావాలని చూపించిన అన్యాయమా, లేక అతని కెమెరా కూడా పెద్ద స్టార్లవైపే ఎక్కువసేపు ఉండిపోయిందా అంటే, రెండూనేమో అని నా అనుమానం. ఆ కుటుంబంలో నటించినవాళ్ళు వృత్తి నటులు కాదు, ఆ ప్రాంతం మనుషులే. చివర్లో అన్నదమ్ములిద్దరూ కొండ అంచున గాలికి చేతులు చాపి ఒరిగి నిలబడ్డ షాట్ ఒకటి వస్తుంది, గాలి వాళ్ళని పడకుండా మోస్తూ ఉంటుంది. నేను ఈ సినిమాని తలుచుకుంటే మొదట వచ్చేది అదే.

అవార్డులు ఏమొచ్చాయి?

2006 కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ దర్శకుడు. గోల్డెన్ గ్లోబ్‌లో ఉత్తమ డ్రామా చిత్రం. ఆస్కార్‌కి ఏడు నామినేషన్లు, గెలిచింది ఒక్కటే, సంగీతానికి గుస్తావో సంతావొలాయాకి. ఆయాగా చేసిన అడ్రియానా బరాజాకి ఇవ్వాల్సిందని మా మేడ మీద తీర్మానం జరిగింది.

మా అపార్ట్‌మెంట్లో వేద్దామనుకుంటున్నాం, ఏం చూసుకోవాలి?

సబ్‌టైటిల్స్ ముందురోజే పెట్టి చూసుకోండి, ముఖ్యంగా అరబ్బీ భాగం. మేము మొదటిసారి చూసుకోలేదు. మొరాకో మాటలకి సబ్‌టైటిల్ రాలేదు, దాదాపు ఇరవై నిమిషాలు ఎవరూ నోరెత్తలేదు, డైరెక్టర్ స్టైల్ అనుకున్నారట. ఫ్యాన్లు వీలైతే ఆపండి, నిశ్శబ్దం వినపడాల్సిన సినిమా ఇది. చివర్లో తండ్రీకూతుళ్ళు బాల్కనీలో ఉండగా కెమెరా వెనక్కి వెళ్తూ వెళ్తూ ఊరంతా చుక్కల్లా అయ్యాక, దర్శకుడు తన ఇద్దరు పిల్లలకి సినిమాని అంకితమిచ్చే వాక్యం వస్తుంది. అదొచ్చేదాకా లైట్లు వేయకండి. మా దగ్గర ఎవరో ఒకరు చెప్పులు వెతుక్కోవడానికి ప్రతిసారీ వేసేస్తున్నారు.